సుగ్గికి పోయినా తల్లి మందు ఆగొద్దు

మిరప కోతల కాలం వస్తే పత్తికొండ చుట్టుపక్కల తండాల నుంచి మనోళ్లు మూటాముల్లె సర్దుకొని గుంటూరు వైపు సుగ్గికి పోతారు. వాళ్లలో గర్భిణులూ ఉంటారు. అక్కడున్నన్నాళ్లూ వాళ్లకు పరీక్షలుండవు, పలకరించే ఏఎన్‌ఎం ఉండదు. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ పాకకుండా ఆపే అవకాశం ఇక్కడే చేజారుతోంది.

చికిత్స లేకపోతే వందమంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి వైరస్ సోకవచ్చు. తల్లి రోజూ ఏఆర్‌టీ మాత్ర వేసుకుని, పుట్టిన బిడ్డకు నెవిరపిన్ సిరప్ పోస్తే అది 5 మంది లోపుకు దిగుతుంది. పాజిటివ్ వచ్చిన ప్రతి గర్భిణికీ జీవితాంతం ఈ మందు ఇవ్వాలని 2014 నుంచే మన దేశ విధానం. పైసా ఖర్చు లేదు. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది.

అంటే మందు ఉంది, తండా దాకా రావడం లేదు. మధ్యలో మాత్ర ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది.

అందుకే అడుగుతున్నాం. మొదటి మూడు నెలల్లోనే తండాలో పరీక్ష చేయండి. సుగ్గికి పోయే తల్లికి సరిపడా మందులివ్వండి, లేదా గుంటూరులో తీసుకునేలా రాసివ్వండి. ఫలితం గుట్టుగా ఉంచండి. ఒప్పుకోలు లేకుండా బయటపెట్టడం 2017 హెచ్‌ఐవీ చట్టానికి విరుద్ధం.

తండా పెద్దలకూ ఓ మాట. పాజిటివ్ అని కోడలిని గెంటేస్తే ఆమె మందు దాచుకుంటుంది, నష్టపోయేది మన బిడ్డే. మొగుడూ పరీక్ష చేయించుకోవాలి.

అక్కా, చెల్లీ, అనుమానముంటే 1097కి ఫోన్ చేయండి. ఉచితం.