పిల్లల యాటలో మారీచులు



గోదావరి యిసుకలో పిచ్చుకగూళ్లు కట్టుకొను పిల్లల నడుమకు ఎవడో యొకడు వచ్చి, వానిని కాలితో తన్ని పోవుట మనమందఱము చిన్ననాడు చూచినదే. వానికి గూడు అక్కఱలేదు, ఆట అక్కఱలేదు. కట్టినవారి కన్నీరు చూచుటయే వాని వేడుక. నేడు పిచ్చుకగూళ్లు ఇసుకనుండి ఫోను తెరమీదికి వచ్చినవి. ఆ తన్నువాడును వానివెంటనే వచ్చినాడు. ఆన్‌లైన్ ఆటలవారు వీనిని గ్రీఫర్ అని పిలుచుచున్నారు. ఇతరులకు దుఃఖము కలిగించుటకే యాడువాడని యర్థము. ఈ మాసము మన గోష్ఠికి వీని విషయము నెత్తుకొనుచున్నాను.

ఇది పిల్లల గొడవ, మనకేల యని తలంపవలదు. మన కోనసీమలో దూరదేశమున నొక్కరైనను గల కుటుంబములు పెక్కు గలవు. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు రాలేని పిల్లలు, రాజోలు పిల్లలతోను, కొత్తపేట పిల్లలతోను ఆటలోనే కలిసికొనుచున్నారు. లూడో కింగ్‌లో సంకేతసంఖ్య గల సొంత గది, మైన్‌క్రాఫ్ట్‌లో పిలిచినవారికి మాత్రమే ప్రవేశము గల సొంత లోకము, మాటలాడుకొనుటకు డిస్కార్డులో నొక కూటము, ఇవి వారికి వీధియరుగు వంటివి. ఆ యరుగును పాడుచేసినవాడు ఆటను మాత్రమే కాదు, చుట్టఱికమును, చెలిమిని కూడ పాడుచేయుచున్నాడు.

ఈ చేటు క్రొత్తది కాదు. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా ప్రారంభింపగా రిచర్డ్ బార్టిల్ పెంపొందించిన మడ్ అను నాట, పలువురు ఒక్కమాఱుగా నాడు కంప్యూటరు లోకములలో తొలివానిలో నొకటి. ఆ బార్టిలే 1996లో ఆటగాండ్రను నాలుగు తెగలుగా విభజించి వ్రాసెను. సాధింపగోరువారు, అన్వేషింపగోరువారు, చెలిమి గోరువారు మూడు తెగలు. పరుల బాధలో సుఖము వెదకువారు నాలుగవ తెగ. అమెరికాలో లాంబ్డామూ అను అక్షరరూపమైన లోకమున నొకడు ఇతరుల పాత్రలచేత అసభ్యమైన పనులు చేయించినట్లు చూపి వారిని అవమానించెను. ఆ వృత్తాంతమును జూలియన్ డిబెల్ 1993లో ప్రకటించెను. కూటమివారు సభచేసి తర్కించిరి. తుదకు నిర్వాహకులలో నొకడు వానిని తొలగించెను. కొంతకాలమునకు వాడే వేఱు పేరుతో మరల ప్రవేశించెను. ఆ పిమ్మట ఆ లోకమునకు ఓటుచే నియమములు నిర్ణయించుకొను పద్ధతి యేర్పడెను.

మన ప్రాంతపు తల్లి యొకతె నాతో చెప్పిన సంగతి వినుడు. ఆమె కూతురు పండ్రెండేండ్లది. మఱి ఆర్గురు బాలికలతో గూడి వేసవియంతయు మైన్‌క్రాఫ్ట్‌లో నొక యూరు కట్టినది. కాలువ, కొబ్బరితోట, కోవెల, బడి అన్నియు నమర్చిరి. వారిలో నొకతె ప్రవేశసంకేతమును తరగతివారి వాట్సాప్ గుంపులో పెట్టినది. ఆ రాత్రియే ఎవడో వచ్చి యూరునంతయు నిప్పుపాలు చేసి, పలకలమీద బూతులు వ్రాసి పోయినాడు. పిల్ల యేడ్చుచు వచ్చి చెప్పగా, తల్లి చేసిన మొదటి పని టాబ్లెట్టు లాగుకొని బీరువాలో దాచుట. పిల్ల యేడుపు మానినది. దానితోపాటు తల్లితో మాటలాడుటయు మానినది.

అమ్మలారా, ఇచ్చటనే మనము నిలిచి యోచింపవలెను. దొంగ పడినయింట దొంగను విడిచి, ఇంటివారిని వెడలగొట్టుదుమా? చెప్పినందుకు శిక్ష దొరకునని తెలిసిన పిల్ల మఱియొకమాఱు చెప్పదు. ఆ రెండవమాఱు వచ్చువాడు కట్టిన యిల్లు కూల్చువాడు కాక, బొమ్మ పంపుమని యడుగువాడైన నేమగును? 2022 మే మాసమున అమలాపురమున అల్లరులు జరిగినపిదప ఇంటర్నెట్ నిలిపివేయగా, కొలువులు గల మన పెద్దలే సిగ్నలు వెదకుచు గోదావరి యొడ్డునకు పోయిరి. కొన్నిదినముల యెడబాటు పెద్దలకే యంత దుర్భరమైనపుడు, పిల్ల చెలిమినంతయు నొక్కపూటలో తెంచివేయుట యెంతటి శిక్షయో తలపోయుడు.

మఱి యేమి చేయవలెను? బాలకాండమున విశ్వామిత్రుని యాగము మనకు దారి చూపును. మారీచ సుబాహులు వేదికపై రక్తమాంసములు కురిపించి వ్రతభంగము చేయుచుండిరి. శపింపగల శక్తి యుండియు, దీక్షలో నున్నవాడు కోపింపరాదని ముని మిన్నకుండి, కాపలాకై రామలక్ష్మణులను తెచ్చుకొనెను. ఇందు రెండు నీతులు గలవు. ఒకటి, విఘ్నకారునకు బదులు పలుకరాదు. వాడు వచ్చినది మన కోపము చూచుటకే గనుక, తిట్టినను బ్రతిమాలినను వానికి విందే. రెండవది, ఆట మొదలిడుటకు ముందే కావలివాని నేర్పఱచుకొనవలెను.

కావలి విధమును వివరించెదను. ప్రవేశసంకేతమును గుంపులలో పెట్టక, ఎఱిగినవారికి మాత్రము విడివిడిగా నీయవలెను. డిస్కార్డులో ఆహ్వానమునకు గడువును, ఎందఱు వాడవచ్చునను పరిమితిని నిర్ణయింపవచ్చును. పదమూడేండ్లు నిండనివారికి డిస్కార్డులో చోటు లేదని కూడ గుర్తుంచుకొనుడు. మైన్‌క్రాఫ్ట్ బెడ్‌రాక్ రకమున క్రొత్తవారిని మొదట సందర్శకులుగా నుంచినచో వారు తిరిగి చూడగలరే కాని దేనిని పగులగొట్టలేరు. సొంత లోకము నడుపువారు వారమున కొకమాఱైనను ప్రతిని భద్రపఱచుకొనిన, కాలిపోయిన యూరును మరల నిలుపవచ్చును. తలుపు వేసికొనుట పెద్దలకును అవసరమే. 2020లో జూమ్ సమావేశములలోనికి అల్లరిమూకలు చొరబడగా, ఆ యేప్రిలునుండి సంస్థవారు సంకేతపదమును, వేచియుండు గదిని ముందే యమర్చియిచ్చిరి.

విఘ్నము జరిగినపుడు మొదట తెరను చిత్రముగా తీసి దాచుకొనవలెను. పిదప వానిని తొలగింపవలెను. కిక్ చేయుట వేఱు, బ్యాన్ చేయుట వేఱు. మొదటిది గుమ్మము దాటించుట మాత్రమే, ఆహ్వానముండిన వాడు మరల రాగలడు. రెండవది తలుపు మూయుట. అటుపిమ్మట ఆట సంస్థకు నివేదించి, సంకేతములన్నియు మార్చవలెను. అంతటితో నిశ్చింతగా నుండరాదు. సముద్రమున పడిన మారీచుడే పిదప బంగారులేడియై వచ్చెను. క్రొత్తపేరుతో తియ్యగా మాటలాడుచు, కానుకల నాశపెట్టుచు వచ్చువానిని కూటమిలో నొకరైనను సొంతగొంతుతో మాటలాడించి, ఎవరో తెలిసికొనినగాని లోనికి రానీయరాదు.

బూతుబొమ్మలు చూపుట, బెదిరించుట, బాలికనుండి చిత్రము లడుగుట ఆటలోని యల్లరి కాదు, నేరము. 2012 నాటి పోక్సో చట్టము ఫోనుద్వారా జరిగిన లైంగిక వేధింపునకును వర్తించును. జాతీయ సైబర్ నేరముల పోర్టలులో స్త్రీలకు, బాలలకు ప్రత్యేక విభాగము కలదు. అందు పేరు చెప్పకయే ఫిర్యాదు చేయవచ్చును. 1098 అను సంఖ్య బాలల సహాయమునకే యేర్పడినది. పరువు పోవునని దాచినచో నేరగానికి బలమిచ్చినవారమగుదుము.

కడపట చేదుమాట యొకటి. ఈ కూల్చువాడు ఎల్లప్పుడు పరదేశి కాడు. పైన చెప్పిన బాలికల యూరు తగులబెట్టినవాడు వారి బడిపిల్లవాడే యని పిమ్మట తేలినది. అట్టివాడు మన కడుపున పుట్టినవాడే యైన, మగపిల్లవాని చిలిపితనమని నవ్వి యూరకుండవలదు. కొట్టనక్కఱయు లేదు. ఎవరి యూరు కూల్చెనో వారియెదుట క్షమాపణ చెప్పించి, వారు సమ్మతించినచో ఆ యిటుకలన్నియు వానిచేతనే మరల పెట్టింపుడు. ఆ తల్లి బీరువా తెఱచి టాబ్లెట్టు తిరిగి యిచ్చినది. బాలికలు క్రొత్త సంకేతముతో కాలువనుండి మొదలుపెట్టి కట్టుచున్నారట. ఆ బాలుడు ఇంకను గుమ్మము వెలుపలనే యున్నాడు. వానిని రానిచ్చుటయో మానుటయో ఆ యేడ్గురు బాలికలే నిర్ణయింపవలెనని ఇరువురు తల్లులును ఒప్పుకొనిరి. నాకును అదియే న్యాయమని తోచినది.