గేరు సైకిలెక్కి గండికోటకి!

మన సినిమా హీరోకీ, సైకిలుకీ వున్న చుట్టరికం ఎంతసేపో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మొదటి రెండు రీళ్ళు! హీరోగారు ఆ రెండు రీళ్ళూ సైకిలు మీద పాల క్యానులో, పేపర్లో వేస్తారు. ఇంటర్వెల్‌కి మోటారు సైకిలు వస్తుంది. క్లైమాక్సుకి కారు. సైకిలంటే మన సినిమావాళ్ళకి బీదరికానికి గుర్తు, అంతే! 1948లో ఇటలీలో డిసికా మహాశయుడు ‘బైసికిల్ థీవ్స్’ తీసి, పోయిన సైకిలు కోసం ప్రపంచాన్నంతా ఏడిపించాడు. 1992లో హిందీలో ‘జో జీతా వహీ సికందర్’ వచ్చింది. అందులో క్లైమాక్సు మొత్తం సైకిలు పందెమే. ఆ కథ ఛాయలతో 1999లో తెలుగులో ‘తమ్ముడు’ వచ్చేసరికి ఏమైంది? సైకిలు దిగిపోయి కిక్ బాక్సింగ్ రింగు ఎక్కింది! పవన్ కళ్యాణ్ అభిమానులు కోప్పడకండి. సినిమా బాగానే ఆడింది. పాపం సైకిలుకే వేషం పోయింది.

అందుకే ఈ వారం సైకిలునే హీరోగా పెట్టి ఓ కథ చెబుతా, వినండి.

మామూలు సైకిలు కాదు. లావు టైర్లు, గుండీలు కుట్టినట్టు టైరు మీద బుడిపెలు, కొండలెక్కడానికి గేర్లు... దీన్నే మౌంటెన్ బైక్ అంటారు. దీని పుట్టుక కూడా సినిమా కథలాగే వుంటుంది. 1970ల్లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రకారు కొందరు, తాతలనాటి పాత సైకిళ్ళు పట్టుకుని కొండ మీదినుంచి మట్టిదారిన కిందికి దూకించేవారు. దాదాపు 2 మైళ్ళలో 1300 అడుగులు దిగే దారి అది! ఆ సైకిళ్ళకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వుండేది. కిందికి చేరేసరికి ఆ బ్రేకు కాలి, లోపలి గ్రీజు పొగైపోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. ఇంగ్లీషులో అలా కూరడాన్ని ‘రీప్యాక్’ అంటారు. 1976లో మొదలైన వాళ్ళ పందేనికి అదే పేరు స్థిరపడిపోయింది. ఆ గుంపులోని జో బ్రీజ్ అనే కుర్రాడు 1977లో ఈ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఈ ఆట పతకాలదాకా వెళ్ళింది. పాత ఇనుముతో మొదలై ఒలింపిక్సుదాకా! ఇంతకన్నా మంచి స్క్రీన్‌ప్లే ఎవరు రాస్తారండీ?

సరే, అమెరికా కొండలు మనకెందుకు? మనకి కోటలు లేవా, కొండలు లేవా?

మొన్న జనవరిలో నేనూ, నా మిత్రుడూ రెండు గేరు సైకిళ్ళతో జమ్మలమడుగులో తేలాం. అక్కడినుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. ఎన్.టి.ఆర్., జయలలిత నటించిన విఠలాచార్యగారి ‘గండికోట రహస్యం’ 1969లో వచ్చింది కదా, ఆ పేరు తెలియని తెలుగువాడు వుండడు. ఆ పేరుగల అసలు కోట చూసినవాళ్ళెందరో చేతులెత్తండి! చూశారా, సగం చేతులు లేవలేదు.

తారు రోడ్డు వదిలి పొలాల మధ్య బండిదారి పట్టాం. ఎర్రమల కొండలు దగ్గరయ్యేకొద్దీ నేల రాళ్ళమయం. ఇక్కడే లావు టైరు విలువ తెలిసేది. గాలి కాస్త తగ్గిస్తే టైరు రాయిని తన్నదు, కావలించుకుంటుంది. ఎక్కుడు వచ్చాక గేరు మార్చడం కాదు, రాకముందే మార్చుకోవాలి. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే బిగబట్టారో, ముందుకి పల్టీ! ఇక తుమ్మముళ్ళ సంగతి... పది కిలోమీటర్లలో మూడు పంక్చర్లు. రెండు స్పేరు ట్యూబులు, పంపు, ప్యాచీలు లేకుండా ఆ దిక్కుకి పోకండి.

కోటలోకి అడుగుపెట్టగానే మావాడు సైకిలు ఆపి నోరు తెరిచాడు. కోట లోపల ఊరుంది! గడపల ముందు ముగ్గులు, అరుగుల మీద ముసలమ్మలు, గోడపక్కన మేకలు. నడుస్తుంటే మాధవరాయస్వామి గుడి, రంగనాథుడి గుడి, పెద్ద మసీదు, ధాన్యాగారం, జైలు, కోనేరు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. విజయనగరం రోజుల్లో పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. మీర్ జుమ్లా దగ్గర తోపులు పోతపోసే పనికి ఒక ఫ్రెంచివాడు కుదిరిన సంగతి కూడా తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు.

మసీదు దాటి కొంచెం ముందుకెళ్తే నేల అయిపోతుంది. అవును, అయిపోతుంది! దాదాపు 300 అడుగుల కింద పెన్నానది. ఆ ఎర్రరాయిని గ్రానైటని అందరూ అంటారు గానీ, అది క్వార్ట్‌జైట్. వయసు నూరు కోట్ల సంవత్సరాల పైమాటే. ఆ రాయిని కోసుకుంటూ నది చేసిన గండి వల్లే కోటకి ఆ పేరు.

ఇక్కడ మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి తమ్ముళ్ళూ. మేం వున్న గంటలోనే ఓ కుర్రాడు ఆ రాళ్ళ అంచున సైకిలు ముందుచక్రం గాలిలోకి లేపి వీడియో తీయించుకోబోయాడు. ఆ అంచున కమ్మీ లేదు, గోడ లేదు. సినిమాలో హీరో అలాంటి చోట నిలబడితే నడుముకి తాడుంటుంది. కింద పట్టుకునే మనుషులుంటారు. ఆ తాడుని తరవాత కంప్యూటర్లో చెరిపేస్తారు. మీరు చూసేది తాడు చెరిపిన బొమ్మ! మీ అమ్మకి మాత్రం టేక్ టూ లేదు. కోట లోపల సైకిలు దిగి నడిపించుకు వెళ్ళండి. ఐదువందల ఏళ్ళనాటి మెట్లు మీ టైర్ల కోసం కట్టినవి కావు. గోడలమీద మీ పేరూ, ఆ అమ్మాయి పేరూ చెక్కకండి. ఆ అమ్మాయి కూడా సంతోషించదు.

మర్నాడు కొండాపురం వైపు సైకిళ్ళు తిప్పాం. అదే నా మనసులో నిలిచిపోయిన రోజు.

ఓ కొత్త కాలనీ దగ్గర వేపచెట్టు కింద నీళ్ళకని ఆగాం. ఓ పెద్దాయన చెంబుతో నీళ్ళిచ్చి సైకిళ్ళకేసి అదోలా చూశాడు.

“ఏం నాయనా, ఈ సైకిలు ఎంత పడింది?”

మావాడు చెప్పాడు.

“అబ్బా! ఆ దుడ్లకి పాడి ఎనుము వచ్చేది కదప్పా!”

అందరం నవ్వుకున్నాం. తరవాత, మీదే వూరు తాతా అని అడిగాను. చెయ్యెత్తి దూరంగా మెరుస్తున్న నీళ్ళకేసి చూపించాడు.

“అద్దో, ఆడ. నీళ్ళ కింద.”

గండికోట జలాశయం సంగతి అది. దాదాపు 27 టి.ఎం.సి.ల నీళ్ళు పట్టే చెరువు. 2020లో అందులో నీటి మట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. సీమకి నీళ్ళు అక్కర్లేదనే పాపం నేను మూటగట్టుకోను. చుక్క నీటికోసం తరాలుగా ఎదురుచూసిన నేల అది. కానీ ఆ నీళ్ళకి ధర కట్టినవాళ్ళు ఎవరో కూడా మనకి తెలియాలి కదూ?

“కోట జూసేకి శానామంది వస్తారు నాయనా. కార్లలో సర్రున పోతారు. మా వూరు యాడుండెనో అడిగేటోళ్ళు లేరు,” అన్నాడు పెద్దాయన. తన ఊళ్ళో రామాలయం ఏ వీధిలో వుండేదో, సంక్రాంతికి ఎడ్ల పందెం ఎక్కడ జరిగేదో పుల్లతో నేలమీద గీసి చూపించాడు. రాజుల కోటకి ఫలకాలు పెట్టారు, బొమ్మలు తీశారు. ఆ ఊరి పటం మాత్రం ఆయన పుల్ల కింద మట్టిలోనే వుంది.

కారు అద్దాలెత్తుకుని పోతుంది. మోటారు సైకిలు హోరెత్తించుకుంటూ పోతుంది. సైకిలుకి దాహం వేస్తుంది, అలుపొస్తుంది, పంక్చరవుతుంది. అందుకని మనిషి దగ్గర ఆగక తప్పదు! ఈ ప్రయాణంలో నాకు దక్కిన లాభం అదే.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ వైపు వాతావరణం బాగుంటుంది. మనిషికి 3 లీటర్ల నీళ్ళు, తలకి హెల్మెట్టు తప్పనిసరి. గేరు సైకిలే కావాలని లేదు, మామూలు సైకిలుతో తారు రోడ్డున కూడా కోట చేరొచ్చు. వెళ్ళినవాళ్ళు కోటతోబాటు, దారిలో ఏ ఊరి మనిషితోనైనా ఓ అరగంట కూర్చుని, విన్నది నాకో కార్డు ముక్క రాసి పడేయండి. అన్నట్టు, సైకిలు ధర అడిగితే మాత్రం కాస్త తగ్గించి చెప్పండి. ఎనుములతో పోలిక తట్టుకోవడం కష్టం!