జాడీలో ఊరే సుగంధం

మైదా జల్లించారు. వెన్న, పంచదార నురగ వచ్చేలా గిలక్కొట్టారు. గుడ్లు కలిపారు. ఇక మిగిలింది ఒక్కటే... అలమర పై అరలో, యాలకుల డబ్బా వెనకాల నక్కిన ఆ బుల్లి సీసా. మూత తీసి నాలుగు చుక్కలు వేయగానే వంటిల్లంతా ఒకటే ఘుమఘుమ. హోంవర్కు చేసుకుంటున్న పిల్లలు పుస్తకాలు పక్కన పడేసి ‘కేకు అయిపోయిందా?’ అంటూ పరుగెత్తుకొచ్చేస్తారు. వెనీలా మహిమ అది!

ఇంతకీ ఆ సీసా మీద చిన్న అక్షరాలు ఎప్పుడైనా చదివారా? చాలా సీసాల మీద ‘ఆర్టిఫిషియల్ ఫ్లేవర్’ అనో, ‘నేచర్ ఐడెంటికల్’ అనో ఉంటుంది. అంటే అందులో వెనీలా కాయ ఉండదు. ఆ వాసన మాత్రం ఉంటుంది. ప్రపంచమంతా వెనీలా పేరుతో వాడుతున్న రుచిలో నిజమైన కాయ నుంచి వచ్చేది నూటికి ఒక వంతు కూడా లేదు. మరి అసలుది కావాలంటే? ఇంట్లోనే చేసుకోవచ్చు. పొయ్యి వెలిగించే పని కూడా లేదు. కావాల్సిందల్లా మంచి కాయలు, ఒక గాజు సీసా, ఆవకాయ పెట్టేవాళ్లకుండేంత ఓపిక. ఆ... ఇంకొకటి కూడా కావాలి. ఇంట్లో చిన్న గొడవ తెచ్చిపెట్టేది అదే. దాని సంగతి తర్వాత.

పువ్వుకు ఒక్క పూటే ఆయుష్షు

వెనీలా ఓ ఆర్కిడ్ తీగ. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. అక్కడి టోటోనాక్ తెగ వాళ్లు, వాళ్ల తర్వాత అజ్‌టెక్‌లు ఈ కాయల్ని వాడేవారు. చాక్లెట్ పానీయంలో కలుపుకొనేవారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు వాటిని యూరప్‌కి పట్టుకెళ్లారు. ‘వెనీలా’ అన్న పేరు కూడా స్పానిష్ నుంచి వచ్చిందే. ‘చిన్న కాయ’ అని దానర్థం.

తీగను ఇతర దేశాలకూ తీసుకెళ్లి నాటారు. చక్కగా పాకింది, పూసింది. కానీ కాయ మాత్రం కాయలేదు. ఎందుకంటే వెనీలా పువ్వులో పుప్పొడికీ, కీలాగ్రానికీ మధ్య సన్నటి పొర అడ్డుగా ఉంటుంది. మెక్సికోలో ఆ అడ్డు దాటించే పని అక్కడి కొన్ని రకాల తేనెటీగలు చూసుకుంటాయి. పరాయి దేశంలో ఆ ఈగలేవీ? పైగా పువ్వు ఉదయం విచ్చుకుందంటే ఆ పూటతో సరి. ఆ కాసేపట్లో పరాగ సంపర్కం జరగకపోతే వాడి రాలిపోతుంది. 1836లో బెల్జియం శాస్త్రవేత్త చార్లెస్ మోరెన్ చేత్తో పరాగ సంపర్కం చేసి కాయలు కాయించాడు గానీ ఆ పద్ధతి తోటల దాకా రాలేదు.

తోటలకు పనికొచ్చే చిట్కా కనిపెట్టింది పన్నెండేళ్ల కుర్రాడు! పేరు ఎడ్మండ్. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో 1829లో బానిసగా పుట్టాడు. తల్లి పురిట్లోనే పోయింది. యజమాని బెల్లియే బోమోంట్ వెంట తోటలో తిరుగుతూ మొక్కల సంగతులు నేర్చుకున్నాడు. 1841లో ఓ రోజు ఏళ్ల తరబడి గొడ్డుగా ఉన్న తీగకు కాయలు కనిపించేసరికి యజమాని తెల్లబోయాడు. ‘నేనే చేశాను’ అన్నాడు ఎడ్మండ్. ఎలాగో చేసి చూపించాడు కూడా. సన్నటి పుల్లతో ఆ పొరను పైకెత్తడం, బొటనవేలితో పుప్పొడిని మెల్లగా నొక్కడం. అంతే!

ఆ చిట్కా దీవంతా పాకింది, మడగాస్కర్‌కూ చేరింది. వెనీలా కోట్ల వ్యాపారమైంది. ఎడ్మండ్‌కు మాత్రం ఏమీ దక్కలేదు. 1848లో ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దయ్యాక స్వేచ్ఛ వచ్చింది, ‘ఆల్బియస్’ అని ఇంటిపేరూ ఇచ్చారు. ఆ తర్వాత దొంగతనం నేరం మీద జైలుకూ వెళ్లాడు. బానిస కుర్రాడు ఇంత పని చేయడమేమిటి, అది నేర్పింది నేనే అంటూ ఓ వృక్షశాస్త్రవేత్త ముందుకొస్తే, కాదు ఎడ్మండేనని వాదించింది పాత యజమానే. 1880లో కటిక పేదరికంలో ఎడ్మండ్ కన్నుమూశాడు. ఈనాటికీ మెక్సికో బయట తోటల్లో కాసే ప్రతి వెనీలా కాయ వెనకా ఒక మనిషి బొటనవేలు ఉంది. ఆ పద్ధతి ఇంచుమించు ఎడ్మండ్ చూపించినదే.

అందుకే అంత ఖరీదు

తీగ నాటాక పూత రావడానికి దాదాపు మూడేళ్లు. పువ్వు కాయై ముదరడానికి తొమ్మిది నెలలు. తీరా కోస్తే ఆ పచ్చికాయకు వాసనే ఉండదు! సువాసన పంచదారతో ముడిపడి లోపల దాగుంటుంది. కాయల్ని కాసేపు వేణ్నీళ్లలో ముంచి, కంబళ్లలో చుట్టి చెమట పట్టించి, రోజూ కొద్దిగంటలు ఎండలో పెట్టి, చివరికి పెట్టెల్లో నెలల తరబడి మాగబెడితే అప్పుడు ఆ ముడి విడిపోయి పరిమళం బయటికొస్తుంది. దానిపేరే వెనిలిన్. అయిదారు కిలోల పచ్చికాయలు మాగితే మిగిలేది కిలో.

ప్రపంచంలో ఎక్కువ భాగం వెనీలా మడగాస్కర్ నుంచే వస్తోంది. అక్కడ తుపాను వస్తే ఇక్కడ ఐస్‌క్రీమ్ ఖరీదవుతుంది. 2000లో ‘హుదా’ తుపాను ఆ తోటల్ని తుడిచిపెట్టాక ధర ఆకాశాన్నంటింది. అప్పట్లో కేరళ, కర్ణాటక రైతులు ఎంతోమంది మిరియాల పాదుల పక్కన, పోకచెట్ల నీడన వెనీలా తీగలు పాకించారు. రాత్రుళ్లు కుక్కల్ని కట్టేసి కాపలా కాశారు. తీరా కాపు బాగా అందుకునే వేళకు, 2005 నాటికి ధర పాతాళానికి పడిపోయింది. చాలామంది తీగలు పీకేశారు. మళ్లీ 2018 ప్రాంతంలో అంతర్జాతీయ మార్కెట్లో కిలో 600 డాలర్ల దాకా వెళ్లి, వెండినే మించిపోయింది. వెనీలా అంటే రైతుకు వైకుంఠపాళీయే.

ఇంత తతంగం ఉంది కాబట్టే కృత్రిమ వెనీలా వచ్చింది. జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు టీమన్, హార్‌మన్ 1874లోనే పైన్ చెట్ల నుంచి తీసిన పదార్థంతో వెనిలిన్ తయారుచేశారు. తర్వాత లవంగ నూనె నుంచీ, కాగితం మిల్లుల వ్యర్థాల నుంచీ తీశారు. ఇప్పుడు ఎక్కువగా పెట్రో రసాయనాల నుంచే వస్తోంది. అదేమీ విషం కాదు. కాయలో ఉండే వెనిలిన్, ఫ్యాక్టరీలో చేసిన వెనిలిన్ ఒక్కటే. కాకపోతే కాయలో దానితోపాటు మరో రెండొందలకు పైగా వాసన పదార్థాలుంటాయి. ఒకటి వేణువు ఒక్కటే వినిపించడం, రెండోది పూర్తి కచేరీ!

‘మనింట్లో ఇదేంటి?’

ఇప్పుడు ఆ గొడవ సంగతి. వెనిలిన్ నీళ్లలో అంతగా కరగదు, ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. అందుకే ఎక్స్‌ట్రాక్ట్ తయారీకి వోడ్కా వాడతారు. ఆ సీసా వంటింటి గట్టు మీద కనబడితే ఏమవుతుంది?

‘‘ఏంటమ్మా ఇది? మనింటా వంటా లేనిది!’’ అంటారు అత్తగారు.

‘‘కేకులోకి అత్తయ్యా’’ అంటుంది కోడలు.

‘‘పిల్లలు తినే కేకులోకా!’’

ఆవిడ కోపంలో న్యాయం లేకపోలేదు. 1990ల్లో సారా వద్దంటూ ఆడవాళ్లు రోడ్డెక్కిన నేల ఇది. ఆ సీసా వల్ల కూలిన కాపురాలు చూసినవాళ్లకు అది ‘వంట సరుకు’ అంటే మింగుడుపడటం కష్టమే. అలాగని కోడలి మాటా తప్పు కాదు. హోమియో వైద్యంలోని మదర్ టింక్చర్లలో ఉండేదీ ఆల్కహాలే.

లెక్క చూద్దాం. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉండే ఆల్కహాల్ సుమారు 2 మిల్లీలీటర్లు. అది కేకు మొత్తానికి. ఓవెన్ వేడికి అందులో చాలావరకు ఆవిరవుతుంది. ముక్కకు మిగిలేది చాలా స్వల్పం. కానీ ‘బొత్తిగా ఉండదు’ అంటే మాత్రం అది అబద్ధం. విశ్వాసాల వల్లో, ఇంట్లో తాగుడు మాన్పించుకున్నవాళ్లు ఉండటం వల్లో ఆ సీసా గడప తొక్కకూడదనుకుంటే అది గౌరవించాల్సిన మాటే. వాళ్లకోసం వేరే దారి ఉంది. ముందు అసలు పద్ధతి చూద్దాం.

ఇలా చేయాలి...

కొలత చాలా తేలిక. అమెరికా ప్రమాణాల ప్రకారం వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ అనిపించుకోవాలంటే గ్యాలన్‌కి 13.35 ఔన్సుల కాయలు, కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. మన లెక్కలో లీటరుకు 100 గ్రాములు. ఇంటికి చాలేలా చేసుకోవాలంటే 100 మిల్లీలీటర్ల వోడ్కాకు 10 గ్రాముల కాయలు. పొడవాటివైతే మూడు వస్తాయి. మనదగ్గర దొరికే వోడ్కాలో మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి సరిపోతుంది. వాసన కలిపిన రకాలు వద్దు.

* కాయ నల్లగా, కాస్త జిడ్డుగా, వేలికి చుట్టినా విరక్కుండా మెత్తగా ఉండాలి. ముక్క వాసన వచ్చేవి కొనొద్దు. కాస్త పొడిగా ఉండే రెండో రకం కాయలు చవక. ఎక్స్‌ట్రాక్ట్‌కు అవీ బాగానే పనికొస్తాయి.

* గాజు సీసాను వేణ్నీళ్లతో కడిగి తడి లేకుండా ఆరబెట్టాలి. ప్లాస్టిక్ వద్దు.

* కాయల్ని నిలువునా చీల్చి, అంగుళం ముక్కలుగా కోసి సీసాలో వేయాలి. లోపలి నల్లటి గింజలు పారేయొద్దు.

* ముక్కలు మునిగేలా వోడ్కా పోయాలి. ఆవకాయ ముక్క నూనె పైకి తేలితే బూజు పట్టినట్టే ఇదీనూ. కాయ ఎప్పుడూ మునిగే ఉండాలి.

* మూత బిగించి, సీసా మీద తేదీ రాసిన కాగితం అంటించి అలమరలో చీకటి మూల పెట్టాలి. ఊరగాయకు ఎండ మేలు, దీనికి ఎండ కీడు. ఫ్రిజ్ అవసరం లేదు.

* వారానికోసారి సీసాను బాగా కుదిపితే చాలు.

కొద్దిరోజులకే ద్రవం టీ డికాషన్ రంగులోకి వస్తుంది. ఎనిమిది వారాలకు వాడుకోవచ్చు గానీ అప్పటికింకా వోడ్కా ఘాటు పోదు. ఆరు నెలలాగితే మంచిది. ఏడాది ఆగితే ఇక చెప్పక్కర్లేదు, కాఫీ డికాషన్ రంగులో చిక్కగా, గుమ్మెత్తించేలా తయారవుతుంది. పల్చటి బట్టలో వడకట్టుకుంటే సరి. ఏళ్లపాటు నిల్వ ఉంటుంది.

వద్దంటే వద్దు: స్పిరిట్ అన్నారు కదా అని సర్జికల్ స్పిరిట్, శానిటైజర్ లాంటివి పొరపాటున కూడా వాడకూడదు. అవి తాగేవి కావు, ప్రాణాల మీదకు తెస్తాయి. నీళ్లలోనో, నూనెలోనో నానబెట్టి బయట నిల్వ ఉంచడమూ ప్రమాదమే. తయారైన సీసాను చిన్నపిల్లలకు అందకుండా ఉంచడం మరవొద్దు.

సీసా వద్దనుకుంటే?

ఆల్కహాల్ వద్దనేవాళ్లకు వెనీలా పంచదార ఉంది. పావుకిలో పంచదారలో చీల్చిన కాయ ఒకటి గుచ్చి, గాలి చొరని డబ్బాలో మూడు వారాలుంచితే వాసనంతా పంచదారకు పట్టేస్తుంది. కేకులోకి మామూలు పంచదార బదులు అదే వేసుకోవచ్చు. పాలతో చేసే కస్టర్డ్, ఐస్‌క్రీమ్‌లకైతే కాయనే పాలలో వేసి కాచి, తర్వాత తీసేయొచ్చు. ఆ కాయను కడిగి బాగా ఆరబెడితే మళ్లీ పంచదార డబ్బాలోకి పనికొస్తుంది. తినడానికి పనికొచ్చే గ్లిజరిన్‌తోనూ ఎక్స్‌ట్రాక్ట్ చేస్తారు. కాస్త పలుచగా వస్తుందంతే. చర్మానికి రాసుకునే గ్లిజరిన్ మాత్రం వాడకూడదు.

ఇంకో మాట. గట్టిగా కాల్చే బిస్కట్లలో అసలుకూ నకిలీకీ తేడా అంతగా తెలియదు. వాటికి బజారు సీసానే చాలు. అసలుదాన్ని కస్టర్డ్, ఐస్‌క్రీమ్, క్రీముల కోసం దాచుకోండి. కస్టర్డ్ పొయ్యి మీద నుంచి దించాకే వేయాలి, లేదంటే సగం వాసన గాలికే పోతుంది.

ఈ ఆదివారం నానబెడితే ఆరునెలలకు సిద్ధం. ఈలోగా అత్తగారూ అప్పుడప్పుడూ అలమర తెరిచి, ఎవరూ చూడటం లేదని నమ్మకం కుదిరాక మూత తీసి వాసన చూస్తారు. ‘‘ఇంకా ఊరలేదే’’ అని ఆవిడే అన్నారంటే గొడవ తీరినట్టే. పాపం, ఏ ఊరగాయైనా ఊరిందో లేదో తేల్చాల్సింది ఆవిడే కదా!