గట్టెక్కేసరికి తగ్గని లెక్క



మన వేములలో మిట్టలకు, గుట్టలకు కొదువ లేదు. ముగ్గురాయి గనులలో పనిచేసిన వారికి, గుట్ట మీదికి మేకలను తోలుకొనిపోయే వారికి ఎక్కడము, దిగడము అనుదినపు పనే. అట్టి మనకు, డబ్బు పెట్టి గుట్టలెక్కి ఆడే ఆట ఒకటున్నదంటే నవ్వు రావచ్చును. అయినా ఆ ఆటలో మన ఇండ్లకు పనికివచ్చే సంగతి ఒకటున్నది గనుక ఈ నెల దానిని గూర్చి మాట్లాడుకొందాము. ఆ ఆట పేరు గోల్ఫు.

చిన్న బంతిని కర్రతో కొట్టి, ఎక్కడో దూరాన ఉన్న గుంటలో వేయాలి. ఆ గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలే. అటువంటి గుంటలు 18. ఎవరు తక్కువ దెబ్బలలో ముగిస్తే వారు గెలిచినట్లు. 1744లో స్కాట్లాండులోని లీత్ అనే ఊరిలో ఈ ఆటకు 13 నియమములు వ్రాసిపెట్టారు. మన దేశములో 1829లోనే కలకత్తాలో గోల్ఫు క్లబ్బు వెలసింది. విశాఖపట్నములో సముద్రము ప్రక్కన, ఎత్తుపల్లముల నేల మీద ఉన్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది.

మా అన్నగారి కుమారుడు విశాఖలో ఉద్యోగము చేస్తున్నాడు. అక్కడికి వెళ్లినప్పుడు, "చిన్నాయనా, ఒక్క పూట నాతో నడువు" అని మమ్మల్ని ఆ మైదానమునకు తీసికొనిపోయాడు. ఆడింది అతడు, నడిచింది మేమిద్దరమూ. చదునైన నేల మీదనే 18 గుంటలు తిరగడానికి ఏడెనిమిది కిలోమీటర్లు నడవాలి. మిట్టలుంటే కాళ్లకు అది రెండింతలుగా తోస్తుంది. ఎక్కేటప్పుడు రొప్పు, దిగేటప్పుడు మోకాళ్ల నొప్పి. మన వైపు ఎండకు చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. నాలుగైదు గుంటలు దాటేసరికి చొక్కా పిండుకోవలసి వచ్చింది.

వాలు నేల ఆటగానిని కూడ తిప్పలు పెడుతుంది. గుంట మిట్ట మీద ఉంటే బంతి అనుకొన్నదానికన్న ముందుగానే నేలకు తగిలి ఆగిపోతుంది. అందుకని ఇంకా దూరము పోయే కర్ర తీయాలి. కుడిచేతి వాటము వానికి, బంతి పాదముల కన్న ఎత్తున ఉంటే ఎడమకు పోతుంది, పల్లములో ఉంటే కుడికి పోతుంది. ఆటగాడు 14 కర్రల వరకు వెంట ఉంచుకోవచ్చును. ఆ సంచి మోసే మనిషిని క్యాడీ అంటారు. మేము ఉత్త చేతులతో ఆయాసపడుచుండగా, నడివయస్సు దాటిన ఆయన ఆ బరువు భుజాన వేసుకొని మాకన్న ముందే గట్టెక్కి నిలుచున్నాడు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచి, ఆ పోటీ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్‌గా నిలిచిన అలీ షేర్ కూడ ఒకప్పుడు ఇట్లే సంచులు మోసినవాడే.

చివరి గుంటలకు చేరేసరికి అబ్బాయి బాగా అలసిపోయాడు. ఒకచోట బంతి పల్లములో, గడ్డిలోనికి పోయింది. తోటి ఆటగాళ్లు అప్పటికే మిట్ట మీద ఉన్నారు. క్రింద ఏమి జరిగేదీ వారికి కనబడదు. ఒక దెబ్బ తప్పిపోయింది. రెండవ దెబ్బకు బంతి కదిలి మరల అక్కడే పడింది. మూడవ దెబ్బకు గాని పైకి రాలేదు. గుంటలో వేసిన తరువాత "ఎన్ని?" అని అడిగారు. "ఎనిమిది" అన్నాడు. ఆరు అన్నా అడిగేవారు లేరు. చూచినది మేము, ఆ క్యాడీ మాత్రమే. క్యాడీ ఏమీ అనలేదు. సంచి ఎత్తుకొని ముందుకు నడిచాడు.

మామూలుగా ఈ ఆటలో వెంట తిరిగే అంపైరు ఉండడు. ఎవరి తప్పు వారే చెప్పుకోవాలి. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ బంతిని కొట్టబోతుండగా అది కొంచెము కదిలింది. మరెవరూ చూడలేదు. అధికారులు అడిగినా ఆయన తన మాట మార్చుకోక, తనకు తానే ఒక దెబ్బ శిక్ష వేసికొన్నాడు. పోటీ సమానముగా ముగిసి, మరల ఆడినప్పుడు ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు.

ఆ జోన్స్ తరువాత అమెరికాలోని జార్జియా రాష్ట్రములో అగస్టా అనే చోట మైదానము కట్టించాడు. టీవీలో చదునుగా కనబడుతుంది గాని, నడిచినవారికి తెలుస్తుంది దాని ఏటవాలు. టైగర్ వుడ్స్ 2021 ఫిబ్రవరిలో కారు ప్రమాదములో కుడికాలు నుజ్జయి, 2022 ఏప్రిల్‌లో అక్కడ నాలుగు దినములు కుంటుచునే నడిచాడు. మొదటి దినము 71 దెబ్బలు, తరువాత 74, చివరి రెండు దినములు 78, 78. వచ్చినది 47వ స్థానము. అక్కడ ఐదుసార్లు గెలిచిన మనిషి, 78 అని ఉన్న చీటీ మీదనే సంతకము పెట్టి వెళ్లాడు.

పొద్దున ఒళ్లు తేలికగా ఉన్నప్పుడు నిజము చెప్పడము కష్టము కాదు. అలసినప్పుడే లెక్క జారుతుంది. పల్లములో కొట్టిన దెబ్బలు గట్టెక్కేసరికి తగ్గిపోవడము మనుష్యులకు అలవాటే. చీనీతోటలో సాయంకాలము కూలీల దినములు లెక్కించే వేళ, అంగడి మూసి చిల్లర ఎంచే వేళ, పని నుండి వచ్చిన తండ్రిని "నాన్నా, నిన్న చెప్పినది తెచ్చినావా?" అని బిడ్డ అడిగే వేళ, మనము అలసియే ఉంటాము. "అంగడి మూసేసినారమ్మా" అనే మాట అప్పుడే నోట వస్తుంది, అంగడి తెరిచియున్నా సరే. బిడ్డ నమ్ముతుంది. ప్రక్కనున్న పెద్దబిడ్డకు మాత్రము తెలుసు, ఆ వీధిలోనుండియే మనము వచ్చినామని. ఆ క్యాడీవలె వాడును ఏమీ అనడు. చూచి ఊరకుంటాడు, నేర్చుకొంటాడు.

అందుకని ఇంటి పెద్దలకు మా మనవి. అలసిన వేళ మాటలు తగ్గించండి, నీళ్లు త్రాగి కాసేపు కూర్చోండి, కాని లెక్క తగ్గించకండి. "మరచిపోయినాను తల్లీ, రేపు తెస్తాను" అనడానికి ఎక్కువ ఊపిరి అక్కరలేదు. బిడ్డ ఆ పూట అలుగుతుంది. మరునాడు మీ మాట మీద నమ్మకముతోనే వాకిట నిలుచుంటుంది.