ఉచిత యాప్: మన మాటకు కాపలా ఎవరు?

గల్ఫ్‌లో ఉన్న కుమారునితో తల్లి మాట్లాడాలన్నా, మసీదు కమిటీ సమావేశం సంగతి సభ్యులకు తెలపాలన్నా నేడు ఉచిత యాప్ తప్పనిసరి అయింది. ఏ యాప్ వాడాలన్న ప్రశ్నకు మాత్రం ‘అందరూ వాడేదే మనమూ వాడదాం’ అని సమాధానం చెప్పుకొని ఊరుకుంటున్నాం. ఇది అంత తేలికగా విడిచిపెట్టదగిన విషయం కాదు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ హక్కును నిలుపుకోవడం మన చేతిలోని ఫోన్‌తోనే మొదలవుతుంది.

ఉచితమైనవన్నీ ఒక్కటి కావు. వాట్సాప్‌లో సందేశాలు, కాల్స్ మధ్యలో కంపెనీకి సైతం అర్థం కాకుండా ‘ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్’ 2016 నుంచి కాపాడుతోంది. అయితే ఎవరు ఎవరితో సంబంధంలో ఉన్నారన్న సమాచారం దాని యజమాని మెటా సంస్థకు అందుతుంది. బ్యాకప్‌కు ఆ రక్షణ కావాలంటే సెట్టింగ్స్‌లో మనమే ఎంచుకోవాలి. సిగ్నల్‌ను లాభాపేక్ష లేని ఫౌండేషన్ నడుపుతోంది. అది వినియోగదారుల వివరాలను అతి తక్కువగా నిలువ ఉంచుతుంది. టెలిగ్రామ్‌లో సందేశాలకు ఆ రక్షణ ‘సీక్రెట్ చాట్’కే పరిమితం, గ్రూపు సందేశాలకు లేదు. ఇక యూఏఈలో ఉన్నవారికి వాట్సాప్ కాల్స్‌పై ఆంక్షలున్నందున, అక్కడ అనుమతి గల బోటిమ్ వంటివాటిని ఆశ్రయించక తప్పదు.

అయితే తాళం ఎంత గట్టిదైనా తలుపు తెరిచిపెడితే ప్రయోజనమేమి? స్కాలర్‌షిప్పులకు, వితంతు పింఛన్లకు దరఖాస్తులు పెట్టించే పనిలో మేము తరచుగా చూస్తున్నదిదే. ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఆడపిల్లల ఫోటోలు వందలమంది ఉన్న గ్రూపులలో పడుతున్నాయి. ఆ వందమందిలో ఒక్కడు చాలు, అవి ఊరు దాటడానికి. ఏ ఎన్‌క్రిప్షనూ దీన్ని ఆపలేదు.

2021లో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లీ బాయి’ పేరిట ముస్లిం మహిళల ఫోటోలను వారి అనుమతి లేకుండా తీసి, వేలం సరుకులా ప్రదర్శించిన నీచత్వాన్ని మన సమాజం మరువరాదు. నేరం ఆ దుర్మార్గులది, బాధితులది కాదు. అందుకు భయపడి మన ఆడపిల్లల చేతిలోని ఫోన్ లాక్కోవడం పరిష్కారమూ కాదు. వారికి రక్షణ మార్గాలు నేర్పడమే పరిష్కారం.

కాబట్టి ప్రతి మసీదు కమిటీకి, సేవా సంఘానికి మా సూచన ఇది. గ్రూపులను ప్రకటనలకే పరిమితం చేయండి. పత్రాలను నేరుగా దరఖాస్తు నింపే ఒక్కరికే, వీలైతే సిగ్నల్‌లో, కొంతకాలానికి తామే చెరిగిపోయే సందేశాలుగా పంపించండి. పని ముగిశాక ఫోన్‌లో మిగిలిన ప్రతులనూ తొలగించండి. ప్రొఫైల్ ఫోటో పరిచయస్తులకే కనిపించేలా అమర్చుకోవడం, ఓటీపీ ఎవరికీ చెప్పకపోవడం జుమా రోజున పది నిమిషాలలో నేర్పదగిన విషయాలు.

పేదవాడు మన చేతిలో పెట్టిన కాగితం అమానత్. దాన్ని కాపాడలేని వారికి హక్కుల గురించి ప్రభుత్వాన్ని నిలదీసే నైతికబలం ఎక్కడిది?