వెలుగులు చూసి కాదు.. వేళ్లు చూసి కొనండి

పదో తరగతి గట్టెక్కితే సైకిలు కొనిపెడతామని ఆశపెట్టే రోజులు పోయాయి. ఇప్పటి పిల్లల కోరికల జాబితాలో 'మెకానికల్ కీబోర్డు' చేరింది. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం.. ఊరేదైనా సరే, కంప్యూటర్‌లో ఆటలాడే పిల్లలున్న ఇంట్లో ఏదో ఒకరోజు ఈ మాట వినబడుతుంది. 'అయిదొందలకు వచ్చే కీబోర్డు ఇంట్లో ఉండగా నాలుగు వేలు పోసి ఇంకోటి ఎందుకురా?' అంటాడు తండ్రి. 'ఇది గేమింగ్‌ది నాన్నా, నీకు తెలీదులే' అంటాడు కొడుకు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. మిగతా సగం తేల్చుకోకుండా డబ్బు పెడితే అటు ఆటకూ కలిసిరాదు, ఇటు ఇంటికీ పనికిరాదు.

ఇంటికి పనికిరావడం అనే మాట సరిహద్దుకు ఇవతల ఉన్న తెలుగువాళ్లకు మరీ ముఖ్యం. మన ఇళ్లలో చాలావాటికి కంప్యూటర్ ఒక్కటే, కీబోర్డూ ఒక్కటే. పిల్లలు ఆడేది దానిమీదే. నాన్న కొట్టు లెక్కలు రాసేది, కన్నడంలోనో ఒడియాలోనో అర్జీ కొట్టేది దానిమీదే. సంఘం వార్షికోత్సవానికి తెలుగులో ఆహ్వానం తయారుచేసేదీ దానిమీదే. కనుక ఆట కోసం కొన్నా, ఇంటిల్లిపాదీ రాసుకోగలిగే కీబోర్డునే ఎంచుకోవాలి. దుకాణాల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఏమిటీ మెకానికల్?

మామూలు కీబోర్డులో మీటలన్నిటి కింద ఒకే రబ్బరు పొర ఉంటుంది. మీటను అడుగుదాకా నొక్కితేనే అక్షరం పడుతుంది. కొన్నాళ్లకు రబ్బరు మెత్తబడి మీట మొండికేస్తుంది. మెకానికల్‌లో ప్రతి మీటకూ దానికంటూ ఒక స్ప్రింగు, ఒక స్విచ్ ఉంటాయి. మీట మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దిగితే, రెండు మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. అడుగుదాకా గుద్దక్కర్లేదు. ఒక మీట చెడితే అదొక్కటే బాగుచేసుకోవచ్చు.

ఇదేమీ నిన్నటి సరుకు కాదు. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్‌లను 1980లలోనే తెచ్చింది. మన దగ్గర చెన్నై కంపెనీ టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వారి 'గోల్డ్' కీబోర్డు బ్యాంకుల్లో, బిల్లు కౌంటర్లలో ఏళ్ల తరబడి టకటకలాడింది. అదీ మెకానికలే. అప్పట్లో దాన్నెవరూ 'గేమింగ్' అనలేదు. గట్టి కీబోర్డు అనేవారంతే. 2014 ప్రాంతంలో చెర్రీ పేటెంటు గడువు ముగియడంతో చైనా కంపెనీలు అదే నమూనా స్విచ్‌లు తయారుచేయసాగాయి. దాంతో ధర దిగివచ్చింది. ఈరోజు రెండు మూడు వేలలో మంచి మెకానికల్ దొరుకుతోందంటే కారణం అదే. అంటే పిల్లాడు అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఆటకు దీనివల్ల లాభమూ ఉంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటల్లో డబ్ల్యూ, ఎ, ఎస్, డి మీటల మీద మూడు వేళ్లు, షిఫ్ట్ మీద చిటికెన వేలు, స్పేస్‌బార్ మీద బొటనవేలు ఒకేసారి పనిచేస్తుంటాయి. చౌక రబ్బరు కీబోర్డుల్లో కొన్ని మీటలు కలిపి నొక్కితే మూడోదో నాలుగోదో నమోదే కాదు. ఆటగాడు గెంతాల్సిన చోట నిలబడిపోతాడు. మంచి మెకానికల్ బోర్డుల్లో ఎన్ని మీటలు నొక్కినా అన్నీ నమోదవుతాయి. దీన్నే ఎన్-కీ రోల్‌ఓవర్ అంటారు. డబ్బు పెట్టాల్సింది ఇలాంటి గుణానికి. ఏడు రంగుల్లో మిణుకుమిణుకుమనే దీపాలకు కాదు. వాటివల్ల గురి కుదరదు.

రంగుల్లో ఏ రంగు?

స్విచ్‌లకు రంగుల పేర్లుంటాయి. ఎరుపు స్విచ్ నూనె రాసినట్టు మెత్తగా దిగుతుంది, శబ్దం తక్కువ, 45 గ్రాముల బరువుకే అక్షరం పడుతుంది. గోధుమరంగు స్విచ్‌లో అక్షరం పడే చోట వేలికి చిన్న తట్టు తగులుతుంది. నీలం స్విచ్‌లో ఆ తట్టుతో పాటు 'టిక్'మనే చప్పుడు కూడా ఉంటుంది. ఆటగాళ్లలో ఎక్కువమంది ఎరుపు వైపు మొగ్గుతారు. ఒకే మీటను టకటకా కొట్టడానికి అది హాయి. ఎక్కువసేపు రాసేవాళ్లకు తట్టు తెలిసే గోధుమ నచ్చుతుంది.

నీలం కొనేముందు మాత్రం ఇల్లు గుర్తుచేసుకోవాలి. షోలాపూర్‌లో పగలంతా మగ్గాల మోతలో ఉండే ఇంటికి ఆ టిక్కుటిక్కు ఒక లెక్క కాకపోవచ్చు. కానీ రాత్రి పదకొండింటికి, నాయనమ్మ పడుకున్న గదిలోనే కంప్యూటర్ ఉంటే? మూడో రోజుకే కీబోర్డు అటకెక్కుతుంది. రెండు గదుల ఇంటికి ఎరుపో గోధుమో మేలు. ఏది నప్పుతుందో తేల్చుకోలేకపోతే 'హాట్‌స్వాప్' రకం తీసుకోవడం తెలివైన పని. అందులో స్విచ్‌లను టంకం పనిలేకుండా చేత్తో పీకి వేరేవి పెట్టుకోవచ్చు. అయితే కొన్ని చౌక బోర్డుల్లో ఒక కంపెనీ స్విచ్‌లే పడతాయి. ఆ మాట ముందే అడగాలి.

అంకెల మాయ

పెట్టెల మీద పెద్ద పెద్ద అంకెలు అచ్చేస్తారు. అందులో ఒకటి '8000 హెర్ట్జ్'. మామూలు గేమింగ్ కీబోర్డు 1000 హెర్ట్జ్‌తో పనిచేస్తుంది, అంటే మిల్లీసెకనుకోసారి కంప్యూటర్‌కు కబురు పంపుతుంది. 8000 అయితే ఆ వ్యవధి మిల్లీసెకనులో ఎనిమిదో వంతు. వినడానికి ఘనంగానే ఉంది. కానీ చాలా ఇళ్లలో ఉండే 60 హెర్ట్జ్ తెర బొమ్మ మార్చడానికే దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది. ఊళ్లో ఇంటర్నెట్ సర్వరుదాకా వెళ్లి రావడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. బండి బురదలో కూరుకుపోయి ఉంటే ఎద్దుల కొమ్ములకు రంగు వేసినట్టుంటుంది ఈ బేరం. ఆ డబ్బు మంచి మౌసుకో, నికరమైన నెట్ కనెక్షనుకో పెడితే ఆటలో తేడా కనబడుతుంది.

ఇంకోటి అయస్కాంతాల కీబోర్డు. హాల్ ఎఫెక్ట్ అంటారు. మీట ఎంత లోతున పలకాలో మనమే నిర్ణయించుకోవచ్చు. పోటీల్లో ఆడేవాళ్లకు పనికొచ్చే వస్తువే, కాదనలేం. కానీ ఆ మోజులో 2024లో ఏం జరిగిందో చూడాలి. ఆ ఏడాది జులైలో రేజర్ కంపెనీ 'స్నాప్ ట్యాప్' అనే సదుపాయం తెచ్చింది. కుడి ఎడమ మీటలు రెండూ నొక్కి ఉన్నా, చివర నొక్కినదాన్నే కీబోర్డు తనంతట తాను లెక్కలోకి తీసుకుంటుంది. మరుసటి నెల ఆగస్టులోనే వాల్వ్ సంస్థ కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో అలాంటివాటిని కుదరదంది. వేలు చేయాల్సిన పని యంత్రం చేయడమేమిటన్నది దాని వాదన. అదే ప్రధానమనుకుని వేలు పోసి కొన్నవాళ్లు ఆ ఆటలో దాన్ని ఆపుకోవాల్సి వచ్చింది. నైపుణ్యం కొట్లో దొరకదని ఇంతకంటే ఎవరు చెప్పాలి?

పిల్లలు జూదంలో పడతారేమోనన్న భయం పెద్దవాళ్లకు ఉండటం సహజం. ఆ తేడాను 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టమే చూపించింది. డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను పోటీ క్రీడగా గుర్తించింది. పిల్లలు ఆడేది ఏ రకమో అడిగి తెలుసుకోవడం మంచిది. కీబోర్డు అడిగినంత మాత్రాన చెడిపోయారనుకోవడం మాత్రం తొందరపాటు.

'ఒకటి' రాయలేని కీబోర్డు

ఇక మనవాళ్లు తప్పక చూడాల్సిన సంగతి కీబోర్డు సైజు. పూర్తి కీబోర్డులో 104 మీటలుంటాయి. కుడివైపు అంకెల గడి తీసేస్తే 87. దీన్ని టీకేఎల్ అంటారు. ఇంకా కుదిస్తే 61 మీటల '60 శాతం' కీబోర్డు. ముచ్చటగా ఉంటుంది, మౌసుకు చోటు మిగులుతుంది. పిల్లల చూపు దానిమీదే.

కానీ 61 మీటల బోర్డుల్లో చాలావాటికి ఎడమవైపు పైమూల, అంకె ఒకటి పక్కన ఉండాల్సిన మీట ఉండదు. ఆ చోట ఎస్కేప్ కూర్చుంటుంది. ఇంగ్లిషు రాసేవారికి ఆ మీటతో పెద్దగా పనిలేదు. తెలుగు ఇన్‌స్క్రిప్టులో మాత్రం 'ఒ' అక్షరమూ, 'కొ'లో ఉండే ఒత్వమూ ఉన్నది సరిగ్గా ఆ మీట మీదే. ఒకటి, ఒడి, కొడుకు, పొలం, రొట్టె.. ఇలాంటి మాట రాయాలన్నప్పుడల్లా పక్కనున్న ఫంక్షన్ మీట పట్టుకుని కుస్తీ పట్టాలి. రెండు రోజులు ప్రయత్నించి, మూడోరోజు 'తెలుగెందుకులే' అని వదిలేస్తారు.

ఇన్‌స్క్రిప్టు ఎవరు వాడుతున్నారని అడగవచ్చు. నిజమే. కర్ణాటకలో నుడి సాఫ్ట్‌వేర్‌ది ఒక అమరిక. తమిళనాడులో తమిళ్99 ఇంకో అమరిక. ఫోనులో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు అందరికీ వచ్చింది. విండోస్‌లోనూ 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ ఉంది. అది చాలనుకునేవారికి 61 మీటలతో చిక్కేమీ లేదు. అయితే భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా ఆమోదించిన ఇన్‌స్క్రిప్టుకు ఒక గుణముంది. అన్ని భారతీయ లిపులకూ దాదాపు ఒకే అమరిక. కె మీట నొక్కితే తెలుగులో 'క', కన్నడంలోనూ 'క', ఒడియాలోనూ, హిందీలోనూ 'క'నే. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి.

బళ్లారిలో కన్నడ మీడియంలో, బరంపురంలో ఒడియా మీడియంలో చదివే మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి దారి లేదు. బడి భాష కోసం వేళ్లకు నేర్పితే ఇంటి భాష కూడా వచ్చేస్తుంది. ఆటలో డబ్ల్యూ, ఎ, ఎస్, డి ఎక్కడున్నాయో చూడకుండా కొట్టే వేళ్లకు ఇదేం కష్టం? సరిహద్దు ఇళ్లలో తెలుగు మాట్లాడటం ఉంది, చదవడం తగ్గింది, రాయడం అయితే పెద్దవాళ్లతోనే ఆగిపోతోంది. ఆ వేళ్లకు తెలుగు అందే దారిని డబ్బిచ్చి మరీ మూసేయడం ఎందుకు?

మరో చిక్కుంది. విండోస్‌లో రెండు భాషలు పెట్టుకుంటే ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కినప్పుడు భాష మారిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆట మధ్యలో వేళ్లు ఆ రెండిటి మీద పడితే తెలుగు వచ్చి కూర్చుంటుంది, ఆట చెడుతుంది. కుర్రాడు విసుక్కుని తెలుగునే కంప్యూటర్‌లోంచి తీసేస్తాడు. ఒకసారి తీసేశాక మళ్లీ పెట్టేవాళ్లుండరు. తీసేయాల్సింది తెలుగును కాదు, ఆ షార్ట్‌కట్‌ను. కీబోర్డు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో దాన్ని ఆపేస్తే సరి. విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కి కావాల్సినప్పుడే భాష మార్చుకోవచ్చు. గేమింగ్ కీబోర్డుల్లో విండోస్ మీటకు తాళం వేసే సదుపాయం కూడా ఉంటుంది. ఆట ముగిశాక అది తీయకపోతే భాష మారదు. పాడైందనుకుని కంగారు పడనక్కర్లేదు.

కొట్లో ఏం చూడాలి?

బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, చెన్నై రిచీ స్ట్రీటుకో, ముంబయి లామింగ్టన్ రోడ్డుకో వెళ్లేవారు చేత్తో కొట్టి చూసే కొనాలి. ముందు స్విచ్ పేరు అడగాలి. 'మెకానికల్ ఫీల్' అని రాసి ఉంటే అది చాలావరకు రబ్బరు పొరదే, ధర మాత్రం మెకానికల్‌ది. తరువాత నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు షిఫ్ట్ మీటలూ నొక్కిపట్టి అక్షరాలన్నీ వరసగా కొట్టాలి. ఒక్కటి ఎగిరిపోయినా ఆ బోర్డు వద్దు. మీటల తొడుగులు పీబీటీ రకమైతే త్వరగా నునుపెక్కవు. కేబుల్ విడిగా ఊడేదైతే తెగినా వందో రెండొందలో పెట్టి మార్చుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవారు వారంటీ సర్వీసు ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోవాలి. బాగుచేయించడానికి కొరియరు ఖర్చే వెయ్యి దాటితే చౌక బేరం కాస్తా బరువవుతుంది.

మొత్తంమీద సగటు ఇంటికి 87 మీటల, హాట్‌స్వాప్ ఉన్న, ఎరుపు లేదా గోధుమ స్విచ్‌ల కీబోర్డు చాలు. రెండు మూడు వేలలో పని అయిపోతుంది. ఆటకు లోటుండదు, నాయనమ్మ నిద్రకు భంగముండదు, పైమూల మీట దాని చోట అదుంటుంది. కొనివ్వనని మొండికేయడం కంటే, కొనిచ్చిన రోజే పిల్లల చేత వాళ్ల పేరు, ఊరి పేరు తెలుగులో కొట్టించడం పెద్దవాళ్లు చేయాల్సిన పని. నాలుగు మ్యాచ్‌లు ఓడినా నేర్చుకునే ఓపిక ఆ వేళ్లకు ఎలాగూ ఉంది. అందులో పదోవంతు తెలుగుకు దక్కినా పెట్టిన డబ్బు గిట్టినట్టే.