ఎక్కడ నొక్కాలో తెలిస్తే చాలు!

సూర్యాపేట కూరగాయల మార్కెట్లో పొద్దుటి హడావుడి చెప్పనక్కర్లేదు. ఒక చేత్తో తూకం, ఇంకో చేత్తో చిల్లర. మధ్యలో ఎవరో క్యూఆర్ కోడ్ మీద ఫోన్ పెట్టి 'ఫోన్‌పే కొట్టిన' అంటారు. నిజంగానే కొట్టారా? ఫోన్ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, మెసేజ్ వెతికేంత తీరిక ఎక్కడిది! ఆ బెంగ తీర్చింది బండి మీది చిన్న డబ్బా. ఎన్ని రూపాయలు వచ్చాయో తెలుగులో బిగ్గరగా చెప్పేస్తుంది. అమ్మేవారికి చదువు రాకపోయినా ఫర్వాలేదు, చేతులు తడిగా ఉన్నా ఫర్వాలేదు. డబ్బు పడితేనే పలుకుతుంది కాబట్టి, పాత స్క్రీన్‌షాట్ చూపించి జారుకునేవాళ్ళ ఆటలు సాగవు.

మంచి డిజైన్ అంటే ఇదే. రంగులూ హంగులూ కాదు... మనిషి పని ఎలా చేసుకుంటాడో చూసి, యంత్రాన్ని అందుకు తగ్గట్టు మలచడం. కంప్యూటర్ల వాళ్ళు దీన్ని 'యూజర్ ఎక్స్‌పీరియన్స్' అంటారు. ఈ మాటను వాడుకలోకి తెచ్చిన వ్యక్తి డొనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. 1993లో యాపిల్ కంపెనీలో చేరాక తన హోదాలోనే ఆ పేరు పెట్టుకున్నారాయన. ఆయన వాదన చాలా సూటిగా ఉంటుంది. తలుపు తోయాలో లాగాలో తెలియక మనిషి తికమకపడితే, తప్పు మనిషిది కాదు. ఆ తలుపు చేసినవారిది!

తప్పు దిద్దుకునే దారేదీ?

తలుపు దగ్గర తికమకపడితే పోయేది క్షణమే. అదే భూమి విషయంలో అయితే? తెలంగాణలో ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది. తహసీల్దారు కార్యాలయంలోనే రిజిస్ట్రేషన్, అదే రోజు మ్యుటేషన్. రికార్డులు సక్రమంగా ఉన్నవారికి పని సులువైంది. చిక్కల్లా లేనివారికే. పేరులో అక్షరం మారినా, విస్తీర్ణంలో నాలుగు గుంటలు తగ్గినా, సర్వే నంబరు నిషేధిత జాబితాలో పడినా... దిద్దించుకోవడానికి మొదట్లో సరైన దారి లేకపోయింది. తర్వాత ఒక్కో సమస్యకూ ఒక్కో మాడ్యూల్ చేర్చుకుంటూ పోయారు. అవి ముప్పై దాటాయి. తన బాధ వాటిలో దేని కిందికి వస్తుందో పొలం దున్నుకునే మనిషికి ఎలా తెలుస్తుంది? సమస్య పట్టాదారుది, ఎంపిక మాత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నవారిది. తప్పు మాడ్యూల్లో దరఖాస్తు పడిందా, కథ మళ్ళీ మొదటికే.

జాకబ్ నీల్సన్ అనే డెన్మార్క్ నిపుణుడు 1994లో మంచి డిజైన్‌కు పది సూత్రాలు చెప్పారు. పొరపాటున లోపలికొచ్చినవారికి బయటపడే దారి కనిపించాలన్నది వాటిలో ఒకటి. ధరణిలో కొరవడింది అదే.

ధరణి స్థానంలో భూభారతి 2025 ఏప్రిల్ 14న వచ్చింది. ముందు నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా చూశారు. వాటిలో ఒకటి కోదాడకు పొరుగునే ఉన్న నేలకొండపల్లి. మాడ్యూళ్ళను ఆరుకు కుదించారు. తహసీల్దారు నిర్ణయం నచ్చకపోతే ఆర్డీవోకి, ఆపైన కలెక్టరుకి అప్పీలు చేసుకునే వీలును చట్టంలోనే పెట్టారు. అయితే మీటలు తగ్గినంత మాత్రాన చిక్కులు తీరవు. దరఖాస్తు ఎవరి దగ్గర ఉంది, ఎందుకు ఆగింది అన్నది కూడా తెర మీద కనిపించాలి. లేదంటే రైతు మళ్ళీ ఆఫీసు మెట్లెక్కాల్సిందే.

తెరే లేకపోతే ఇంకా మేలు

విజయవాడ హైవే మీద టోల్‌గేటు దాటేటప్పుడు ఎవరైనా ఏదైనా నొక్కుతున్నారా? 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యింది. అద్దం మీది స్టిక్కరే డబ్బు కట్టేస్తోంది. నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోవడమే అందులో గొప్ప.

మిర్యాలగూడ చుట్టుపక్కల ఎడమ కాలువ కింద వరి పండించే పెద్దవాళ్ళలో మామూలు మీటల ఫోన్ వాడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇలాంటివారి కోసమే రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో 'యూపీఐ 123పే'ను ప్రారంభించింది. ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్ చేసి, వినిపించే సూచనల ప్రకారం అంకెలు నొక్కితే డబ్బు పంపొచ్చు. మనిషి ఫోన్ మార్చుకోనక్కర్లేదు. వ్యవస్థే ఒక మెట్టు దిగివచ్చింది.

ఒక్క పిన్... రెండు దారులు

మోసగాళ్ళకు మాత్రం తికమక పెట్టే తెరే పెట్టుబడి. 'మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ నొక్కండి' అంటారు. యూపీఐలో పిన్ నొక్కితే డబ్బు మన ఖాతాలోంచి పోతుంది. రావడానికి పిన్ అవసరమే లేదు. ఈ ఒక్క ముక్క ఇంట్లో పెద్దవాళ్ళకు నేర్పితే సగం గండం గడిచినట్టే.

మంచి తెరను గుర్తుపట్టడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఎక్కడ నొక్కాలో ఇట్టే తెలియాలి. నొక్కాక ఏమైందో వెంటనే చెప్పాలి. తప్పు నొక్కితే వెనక్కి తీసుకెళ్ళాలి. మన మాటల్లో మాట్లాడాలి. కొత్త యాప్ ఏదైనా వస్తే ముందు నాయనమ్మ చేతికివ్వండి. ఎవరినీ అడగకుండా ఆమె పని పూర్తిచేస్తే ఆ యాప్ పాసైనట్టు. మధ్యలో ఆగిపోతే... ఫెయిలైంది నాయనమ్మ కాదు!